కాపరికీ చేయూత

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరిట పనిచేస్తున్న పిల్లలను విడిపించి బాలల సంక్షేమ సమితి ముందు ప్రవేశపెడుతున్నారు. తండ్రి హామీపత్రం వ్రాసి బిడ్డను ఇంటికి తీసుకువస్తాడు. ఇంట్లో అప్పు, కలహం అలాగే ఉంటే ఆ బిడ్డ ఎన్నాళ్లు నిలుస్తాడు?

కాపరిని గురించిన హదీసు మనకు కంఠస్థమే. కాపరికే చేయూత అవసరమైనప్పుడు మాత్రం మనం ముఖం త్రిప్పుకుంటాము. 2015 నాటి బాలల న్యాయ చట్టం సైతం వసతిగృహాన్ని చివరి మార్గంగానే పేర్కొన్నది. మిషన్ వాత్సల్య క్రింద అర్హులైన బిడ్డలకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉన్నది. దరఖాస్తు నింపిపెట్టేవారే కరువు.

అందుచేత జిల్లా బాలల పరిరక్షణ అధికారులను మన బొల్లారం మస్జిదుకు ఆహ్వానించి, జుమా నమాజు పిదప తల్లిదండ్రులతో కూర్చోబెట్టాలని భావిస్తున్నాము. దరఖాస్తులతోపాటు, కొట్టకుండా పిల్లలను దిద్దుకోవడం గురించి కూడా మాట్లాడాలి. తల్లులకు వేరుగా స్థలం ఉండాలి. చదువుకున్న యువకులు ఇద్దరు ముగ్గురు కలం పట్టుకుని రావాలి.