నిండిన డిస్కులో పాటలకు చోటు

కంప్యూటరులో చోటు చాలదనే హెచ్చరిక తెరమీద కనబడగానే ఎవరైనా మొదట చేసే పని, అన్నింటికంటె పెద్ద ఫైలు ఏదో చూచి దానిని తీసివేయడము. లెక్క ప్రకారము యిది సబబుగానే తోస్తుంది. సంగీతము దాచుకొన్న యింట్లో మాత్రము యీ పద్ధతి మిక్కిలి ప్రమాదకరము. ఎందుచేతనంటే, ఎక్కువ చోటు ఆక్రమించేవి తరచుగా తాతగారి గ్రామఫోను రికార్డులనుంచీ, పాత క్యాసెట్లనుంచీ ఎక్కించుకొన్న మూలప్రతులే. సినిమాపాట పోతే మరొకచోట దొరుకుతుంది. అమ్మమ్మ పాడిన మంగళహారతి యే అంగడిలో దొరుకుతుంది?

చోటు కరవై మూలమును చెరిపివేయడము మా ప్రసారవృత్తిలో కొత్త సంగతి కాదు. 1960, 1970 దశకములలో లండనులోని బి.బి.సి. వారు, వీడియో టేపు ఖరీదైనదనీ, అలమరలు నిండిపోయినవనీ, ఎన్నో కార్యక్రమములను చెరిపి ఆ టేపులనే తిరిగి వాడుకొన్నారు. తరువాత వాటి ప్రతులకోసము దేశదేశములలో వెదకవలసి వచ్చింది. ఎన్నో భాగములు ఇప్పటికీ దొరకలేదు.

అసలు చోటు ఎట్లా ఖర్చవుతున్నదో చూద్దాము. కాంపాక్టు డిస్కు పద్ధతిలో ధ్వనిని సెకనుకు 44,100 పర్యాయములు కొలుస్తారు. కుడి యెడమల రెండు మార్గములకు, ఒక్కొక్క కొలతకు 16 బిట్ల చొప్పున కట్టితే నిమిషమునకు సుమారు 10.5 మెగాబైట్లు, గంటకు 635 మెగాబైట్లు అవుతుంది. మూడు గంటల కచేరీ ఒక్కటే దాదాపు 2 గిగాబైట్లు. 256 గిగాబైట్ల కంప్యూటరులో యిటువంటివి నూరు చేరేసరికి మిగిలిన పనులకు ఊపిరాడదు.

తగ్గించే మార్గములు రెండు తెగలు. 2001లో వెలువడిన ఫ్లాక్ పద్ధతి ఒక్క బిట్టునైనా పోనీయకుండా, సామాన్యముగా సగానికి అటూ యిటూగా కుదిస్తుంది. పట్టుచీరను మడతపెట్టి భోషాణములో పెట్టినట్లన్నమాట. విప్పితే ఒక్క పోగు పోదు. రెండవది ఎం.పి.3 తెగ. పెద్ద ధ్వని చాటున పడి చెవికి అందని చిన్న ధ్వనులను యిది విడిచిపెడుతుంది. సెకనుకు 128 కిలోబిట్ల రేటున నిమిషమునకు ఒక మెగాబైటు కూడా పట్టదు. కాని యిది భారతమును వచనములో సంగ్రహించడము వంటిది. కథ తెలుస్తుంది, ఆ సంగ్రహమునుంచి తిక్కనగారి పద్యములను తిరిగి రాబట్టలేము. ఎం.పి.3ని మళ్ళీ ఫ్లాకుగా మార్చితే ఫైలు లావెక్కుతుందే కాని, పోయిన ధ్వని రాదు. ఉన్న ఎం.పి.3లనే యింకా చిన్న రేటుకు కుదించేవారూ వున్నారు. అది సంగ్రహమునకు సంగ్రహము. మరీ చిన్న రేటులో, మృదంగము మీద దెబ్బ పడడానికి ముందే ఒక మసక శబ్దము పుట్టి, ఆ దెబ్బ పదును చెడుతుంది.

అందుచేత నా అభిప్రాయము యిది: మూలప్రతులు ఫ్లాకులో, కంప్యూటరు బయట, వినడానికి చిన్న ప్రతులు కంప్యూటరులోనూ, ఫోనులోనూ. 2 టెరాబైట్ల బయటి హార్డు డిస్కులో ఏ కుదింపూ లేకుండానే 3,000 గంటల సంగీతము పడుతుంది. అటువంటి డిస్కులు రెండు కావాలె. రెండవది అదే బీరువాలో కాక, తమ్ముడిగారి యింట్లోనో, అల్లుడిగారి యింట్లోనో వుండవలె. దొంగ రెండిండ్లకూ ఒకే రాత్రి రాడు గదా! పెన్‌డ్రైవులను మాత్రము యిందుకు నమ్మరాదు. ఏండ్లతరబడి ముట్టకుండా పెట్టితే వాటిలో వ్రాసినది చెడిపోవచ్చును.

గ్రామఫోను రికార్డులున్నవారికి ఒక మాట. 78 భ్రమణముల పాత రికార్డులలో ధ్వని ఒకే మార్గముది. కనుక ఎక్కించిన రెండు మార్గములను ఒకటిచేస్తే చోటు మిగులుతుందని సలహా యిస్తారు. వినే ప్రతికి అట్లాగే చేయండి. మూలప్రతికి వద్దు. ముల్లు నడిచే గాడికి రెండు గోడలు; రెండూ ఒకే తీరున అరగవు. ఏ గోడ శుభ్రముగా వున్నదో దానినుంచి పాటను మెరుగుపరచే అవకాశము, రెండు మార్గములూ విడివిడిగా వున్నప్పుడే వుంటుంది.

తరలించేటప్పుడు తొందర పనికిరాదు. ముందు ప్రతి తీయవలె. సరిచూచిన తరువాతనే పాతది తొలగించవలె. ఫ్లాకు ఫైలు తనలోని ధ్వనికి ఒక గుర్తుసంఖ్యను తనలోనే వ్రాసి వుంచుకొంటుంది. పరీక్షించితే ఆ సంఖ్య సరిపోయినదీ లేనిదీ తెలుస్తుంది. పాటల జాబితా చూపే ప్రోగ్రాముకు కొత్త చోటు చెప్పడము మరవవద్దు. చెప్పకపోతే పాటలన్నీ మాయమైనట్లు చూపి యింటిల్లిపాదినీ బెదరగొడుతుంది.

దూరపు కంప్యూటర్లలో చోటు యిచ్చే క్లౌడు వున్నది గదా అంటారు. మూడవ ప్రతికి మంచిదే. కాని అందులో కొన్ని ఏర్పాట్లు మన కంప్యూటరుకు అద్దము వంటివి: ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. చోటు మిగుల్చుకోవాలని ఇక్కడ తీసివేసేవారు ఆ సంగతి ముందుగా తెలుసుకోవలె. మైస్పేస్ సంస్థ తన యంత్రములను మార్చుకొనడములో, 2015 వరకు జనము పన్నెండేండ్లపాటు ఎక్కించిన పాటలు పోయినవని 2019లో లోకమునకు తెలిసింది. వాటిలో సుమారు 4,90,000 పాటలు మాత్రము, పరిశోధనకోసము ఎవరో అంతకుముందే ప్రతులు తీసి వుంచుకొన్నందున తిరిగి దొరికినవి.