న్యాయశాస్త్ర విద్యార్థికి సిఫారసు లేఖ
(పోషకుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మన పాఠశాలలో చదివిన పిల్లలు కొందఱు పట్టభద్రులై అమెరికా న్యాయ కళాశాలలలో ప్రవేశము కోరుచున్నారు. వారి తల్లిదండ్రులు మా యొద్దకు వచ్చి, "శాసనసభ్యులవారి చేత ఒక లేఖ వ్రాయించితిమి, మీరును నాలుగు మంచిమాటలు వ్రాసి ముద్ర వేయుడు" అని అడుగుచున్నారు. ఈ విషయమై కొంచెము మనవి చేయదలచితిమి.

సిఫారసు అను మాటయే మనలను త్రోవ తప్పించుచున్నది. మనకు సిఫారసనగా పలుకుబడి. అచ్చట అది సాక్ష్యము. మన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములలో పెక్కింట 2008 నుండి క్లాట్ పరీక్షను బట్టియే ప్రవేశము లభించుచున్నది గనుక ఇట్టి లేఖలు మనకు అలవాటు లేవు. అమెరికాలో మూడేండ్ల జే.డి. చదువునకు ముందే ఒక డిగ్రీ ముగించియుండవలెను. మార్కులు, ప్రవేశపరీక్ష, స్వయముగా వ్రాసిన వ్యాసము, వీనితో సాధారణముగా రెండు లేఖలు కావలెను. విద్యార్థి యెంత నేర్చెనో మార్కులు చెప్పును. ఎట్లు ఆలోచించునో లేఖ చెప్పవలెను.

కావున విద్యార్థి వ్యాసములను దిద్దిన అధ్యాపకుడే వ్రాయవలెను. అతడు చిన్నవాడైనను, బిరుదులు లేనివాడైనను సరే. పెండ్లిపందిట ఒకసారి చూచిన విశ్రాంత న్యాయమూర్తి లేఖకంటె అది వేయిరెట్లు మేలు. 1920లో కొలంబియా ఆచార్యులు సెలిగ్మన్ గారు లండనులోని ఫాక్స్‌వెల్ గారికి అంబేద్కరును గూర్చి వ్రాసిరి. అది అర్థశాస్త్ర పరిశోధన కొఱకే. అయినను వ్రాసినవారు ఆయనకు చదువు చెప్పిన గురువు. మేమన్ననో, పిల్లలను పదవ తరగతి వఱకే ఎఱిగినవారము. అందుచేత వచ్చినవారిని కళాశాల అధ్యాపకుల యొద్దకే పంపుచున్నాము. కొందఱు మాపై అలిగిరి కూడ.

"బుద్ధిమంతురాలు, వినయశీలి" అను మాటలు ఎవరికైనను చెల్లును. అద్దె ఒప్పందముపై వ్యాసము వ్రాయుచు, తన వాదమునకు విరుద్ధమైన తీర్పు కనబడగా దానిని దాచక, ఎదుట పెట్టుకొని వాదమును సవరించుకొనెనని వ్రాసినచో చదువరి అచ్చట నిలుచును. తరగతిలో ఎంతమందిలో ఎన్నవదియో కూడ చెప్పవలెను. మన పిల్లలకు ఇంట తెలుగు, వీథిలో ప్రాంతీయ భాష, కళాశాలలో ఆంగ్లము. అయినను "మూడు భాషలు వచ్చును" అని వ్రాసిన చాలదు. ఒక భాషలోని మాట మఱియొక భాషలోనికి వచ్చునపుడు అర్థమెచట జారునో పట్టుకొను నేర్పును ఆ గురువు ఏ సందర్భమున చూచెనో చెప్పవలెను.

ఇంటిలో లేఖ వ్రాసి గురువుచే సంతకము చేయించు పద్ధతి దయచేసి విడువుడు. లేఖను వ్రాసినవారే ఎల్.ఎస్.ఏ.సి. అను ప్రవేశ మండలికి నేరుగా పంపుదురు. దానిని చూచు హక్కును విద్యార్థి వదలుకొనవచ్చును. వదలుకొన్న లేఖకు విలువ హెచ్చు. గురువు సందేహించినచో బలవంతపెట్టక మఱియొకరిని అడుగుడు. ఒప్పుకొన్నవారికి దిద్దిన వ్యాసములు, మార్కుల పట్టిక, గడువు తేదీలు ఇచ్చి, రెండు నెలల వ్యవధి నీయుడు. దరఖాస్తులు సాధారణముగా సెప్టెంబరు ప్రాంతమున మొదలగును గనుక వేసవిలోనే అడుగుట మంచిది.

ఇచ్చట చదివినట్లు ధ్రువపత్రము కావలసినవారికి మాత్రము మా కార్యాలయమున తప్పక ఇచ్చెదము.