హాస్టల్ రూమ్‌లో సొంత మొబైల్ టవర్ పెట్టొచ్చా?

ఇంజనీరింగ్ చదివే ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఎస్‌డీఆర్ బోర్డు కొన్నాను. ఓపెన్‌బీటీఎస్ వేసి హాస్టల్ రూమ్‌లో చిన్న 2జీ టవర్ నడుపుదామనుకుంటున్నా. పవర్ చాలా తక్కువ, రూమ్ దాటదు. ఏం కాదు కదా?"

తమ్ముడూ, నీ ఉత్సాహం నాకు నచ్చింది. కానీ ఆన్ చేసే ముందు ఇది విను.

ఎస్‌డీఆర్ అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రేడియో. ప్రోగ్రామ్ మారిస్తే అదే బోర్డు ఎఫ్ఎం రేడియో అవుతుంది, మొబైల్ టవర్ కూడా అవుతుంది. ఓపెన్‌బీటీఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఫ్రీగా దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ ఫ్రీయే, ఫ్రీక్వెన్సీ మాత్రం ఫ్రీ కాదు. మొబైల్ ఫ్రీక్వెన్సీలను కంపెనీలు వేలంలో వేల కోట్లు పెట్టి కొనుక్కున్నాయి.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. 2జీలో నెట్‌వర్క్ మన సిమ్‌ని చెక్ చేస్తుంది గానీ, ఆ నెట్‌వర్క్ అసలుదా నకిలీదా అని మన ఫోన్ చెక్ చేయదు. సిగ్నల్ గోడ దగ్గర ఆగదు. పక్క రూమ్ వాళ్ళ ఫోన్ మీ బోర్డుకి కనెక్ట్ అయిపోవచ్చు. అక్కడ ఎవరికో రాత్రిపూట ఊపిరాడక ఫ్రెండ్ 112కి చేశాడనుకోండి. ఆ కాల్ మీ లాప్‌టాప్ దగ్గరే ఆగిపోతుంది. అసలు ప్రమాదం ఇది.

ఇప్పుడు చట్టం చూద్దాం. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం, 42వ సెక్షన్. అనుమతి లేకుండా టెలికం నెట్‌వర్క్ పెడితే 3 ఏళ్ళ వరకు జైలు, లేదా 2 కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వేరేవాళ్ళ కాల్స్, మెసేజ్‌లు దొంగచాటుగా పట్టుకున్నా అంతే. ఐఎంఈఐ నంబర్ మార్చినా నేరమే. దానికి 3 ఏళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉంది. "ప్రాజెక్ట్ కోసం చేశాను సార్" అంటే కుదరదు. వైఫై, బ్లూటూత్ లాంటి మినహాయింపులు తప్ప, వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్స్ కావాలన్న రూల్ 1933 నుంచీ ఉంది.

సిగ్నల్ బూస్టర్ల సంగతీ ఇంతే. "ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అన్నా" అంటారు. అమ్మకానికి ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. బూస్టర్ సిగ్నల్‌తో పాటు నాయిస్‌నీ పెంచి టవర్‌కి పంపుతుంది. మీ ఇంట్లో రెండు గీతలు పెరుగుతాయి, వీధిలో వాళ్ళ కాల్స్ కట్ అవుతాయి. సిగ్నల్ లేకపోతే వైఫై కాలింగ్ వాడండి, ఆపరేటర్‌కి కంప్లైంట్ పెట్టండి.

మరి నేర్చుకోవడం ఎలా? దారులున్నాయి.

ఒకటి, గాలిలోకి ఏమీ పంపకుండా నేర్చుకోవడం. ఎస్ఆర్ఎస్‌రాన్ 4జీ సాఫ్ట్‌వేర్‌లో జీరోఎంక్యూ మోడ్ ఉంది. టవర్, కోర్ నెట్‌వర్క్, ఫోన్ మూడూ ఒకే కంప్యూటర్‌లో నడుస్తాయి. యాంటెన్నా అక్కర్లేదు, బోర్డు కూడా అక్కర్లేదు.

రెండు, కాలేజీ ల్యాబ్. 2023లో దేశంలో 100 విద్యాసంస్థలకు 5జీ ల్యాబ్‌లు ఇచ్చారు. మీ కాలేజీ ఉందేమో మీ హెచ్ఓడీని అడగండి.

మూడు, ప్రయోగాల లైసెన్స్. టెలికం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో దీనికి అప్లై చేయొచ్చు. కాలేజీ ద్వారా వెళ్తే మంచిది. ఓపెన్‌బీటీఎస్ తయారుచేసినవాళ్ళు కూడా అమెరికాలోని నెవాడాలో టెస్ట్ చేసినప్పుడు తాత్కాలిక రేడియో లైసెన్సులు తీసుకునే చేశారు.

నాలుగు, హామ్ రేడియో. పరీక్ష రాసి లైసెన్స్ తెచ్చుకుంటే, మీకు కేటాయించిన బ్యాండ్లలో ధైర్యంగా మాట్లాడొచ్చు. మొబైల్ బ్యాండ్లలో మాత్రం కాదు.

కాబట్టి తమ్ముడూ, ఆ బోర్డుకి యాంటెన్నా బిగించకు. ముందు మీ సార్‌తో మాట్లాడి లైసెన్స్ సంగతి తేల్చుకో. ఈలోపు ఇవాళే లాప్‌టాప్‌లో సిమ్యులేషన్ మొదలుపెట్టు. నీ 4జీ నెట్‌వర్క్‌లో మొదటి పింగ్ వచ్చినప్పుడు నాకు మెసేజ్ పెట్టు.

ఇలాంటి ప్రయోగాలు చేసే ఫ్రెండ్ ఉంటే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్ళీ కలుద్దాం.