కొరియా బడిలో ఇంగ్లీషు పంతులమ్మ



ఎం.ఏ. ఇంగ్లీషు, ఆపైన బి.ఎడ్. చదివి, వీధి చివర కాన్వెంటులో చాలీచాలని జీతానికి పనిచేస్తున్న అమ్మాయిలు మన ఇళ్ళల్లో చాలామందే ఉన్నారు. అలాంటి అమ్మాయి ఒకనాడు బడినుంచి వచ్చి, "అమ్మా, దక్షిణ కొరియాలో సర్కారు బడులకి ఇంగ్లీషు టీచర్లు కావాలట, వెళ్ళనా?" అంటే తల్లి గుండె ఝల్లుమంటుంది. "అంత దూరమా? ఒక్కదానివా? పెళ్ళి మాటేమిటి?" అని మొదలవుతుంది. పెళ్ళి సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. ఆ ఉద్యోగం ఏమిటో, ఎలాంటిదో మాత్రం ఈవేళ చెప్పుకుందాం.

కొరియా ప్రభుత్వం 1995లో 'ఎపిక్' అనే పథకం పెట్టింది. బయటి దేశాలవారిని ఏడాది ఒప్పందం మీద తీసుకొచ్చి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పించడం దాని పని. అక్కడి పిల్లలు 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు మొదలుపెడుతున్నారు. పరీక్షలంటే వాళ్ళకెంత పట్టుదలో చూడండి: ఏటా నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు విని జవాబు రాసే భాగం వచ్చినప్పుడు, ఆ అరగంట పైచిలుకు దేశంలో విమానాలు లేవవు, దిగవు! ఇంతా చేసి, ఎదురుగా ఒక విదేశీయుడు నిలబడి పలకరిస్తే పిల్లవాడికి నోరు పెగలదు. మన పిల్లల సంగతీ అంతేగా. ఆ నోరు తెరిపించడానికే ఈ బయటి టీచరు.

కాబట్టి ముందుగా ఒకటి మనసులో పెట్టుకోవాలి. అక్కడ మన అమ్మాయి తరగతికి యజమానురాలు కాదు. పక్కన కొరియా టీచరు ఒకరుంటారు. ఆవిడే అసలు టీచరు. వ్యాకరణం, మార్కులు, పిల్లల్ని అదుపులో పెట్టడం చాలావరకు ఆవిడ వంతు. మాట్లాడించడం, ఆటలాడించడం, ఉచ్చారణ సరిదిద్దడం మన అమ్మాయి వంతు. ఇక్కడ నలభై, యాభైమంది పిల్లల్ని ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన అమ్మాయికి ఇది మొదట్లో చిన్నతనంగా తోచవచ్చు. ఆ కొరియా టీచరుతో పొత్తు కుదిరితే ఏడాది ఇట్టే గడిచిపోతుంది, కుదరకపోతే ఏడాది ఏడాదిలా ఉండదు. అత్తవారింట్లో తోడికోడలితో కాపురం లాంటిదే అనుకోండి!

ఉచ్చారణ దగ్గర మన తెలుగువాళ్ళకి సరదాగా ఉండే సంగతి ఒకటుంది. మనం బస్సు, కారు, పెన్ను అని మాట చివర ఉకారం తగిలిస్తాం కదా, వాళ్ళకీ దాదాపు అదే అలవాటు. 'కార్డ్' వాళ్ళ నోట 'ఖాదు' అవుతుంది, 'డ్రెస్' అంటే 'తురెసు'. 'ఫ' శబ్దం వాళ్ళ భాషలో లేదు గనక కాఫీ కాస్తా 'ఖొపి'. ఆ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో మన అమ్మాయికి చటుక్కున తెలుస్తుంది. అదే అమెరికానుంచి వచ్చినవాడికి కాస్త ఆలస్యం కావచ్చు.

అయినా నిబంధనలు అమెరికావాడి పక్షానే ఉన్నాయి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా - ఈ ఏడు దేశాల పౌరులకైతే వీసాకి ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా సరిపోతుంది. మనవాళ్ళకి 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత-కొరియా ఆర్థిక ఒప్పందం వల్ల తలుపు తెరుచుకుంది గాని, డిగ్రీతోపాటు ఉపాధ్యాయ అర్హత కూడా చూపించాలి. చరిత్ర చదివిన కుర్రాడు పాస్‌పోర్టు చూపించి వెళ్ళిపోవచ్చునట, ఇంగ్లీషు చదివి, బోధన నేర్చిన మన పిల్ల మాత్రం కాగితం మీద కాగితం పెట్టాలట! నాకిది రుచించదు. కాని నియమం నియమమే. పైగా ఏ ప్రాంతపు విద్యాశాఖ ఎందరిని తీసుకుంటుందన్నది ఆ యేటి అవసరాన్ని బట్టి ఉంటుంది. అంచేత ఉన్న ఉద్యోగం ముందే మానేసి కూర్చోవద్దని చెప్పండి.

ఇక ఏజెంట్ల మాట. ఎపిక్‌కి నేరుగా దరఖాస్తు పెట్టుకుంటే రుసుము లేదు. "సీటుకి ఇంత" అని ఎవరైనా అడిగితే గుమ్మంలోంచే పంపెయ్యండి. డిగ్రీ పట్టాకి అపోస్టిల్ ముద్ర, పోలీసువారి ధ్రువపత్రం వంటివాటికి అయ్యే ఖర్చు వేరు. అది తప్పదు.

ఒప్పందం కాగితం చేతికొచ్చాక పిలిచినవారెవరో చదవాలి. ప్రభుత్వ బడి వేరు, 'హగ్వాన్' వేరు. హగ్వాన్ అంటే ప్రైవేటు ట్యూషను కేంద్రం. అక్కడ పని మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా సాగుతుంది. యజమాని మంచివాడైతే సరే, కాకపోతే జీతానికి వెంటపడాలి. ప్రభుత్వ బడిలో రోజుకి 8 గంటల హాజరు, వారానికి 22 పీరియడ్లు. చిన్న తరగతుల్లో పీరియడంటే 40 నిమిషాలే. ఉండటానికి గది వాళ్ళే ఇస్తారు. ఏడాది పూర్తిచేస్తే ఒక నెల జీతం అదనం. సెలవుల్లో పిల్లలు రాకపోయినా టీచరు శిబిరం నడపాలి, లేదా ఖాళీ బల్ల ముందు కూర్చోవాలి. జనవరి చలిలో ఆ కూర్చోవడమే కష్టమట.

"సాయంత్రం రెండు ట్యూషన్లు చెప్పుకుంటే నాలుగు డబ్బులొస్తాయి" అనే సలహా మాత్రం ఇవ్వకండమ్మా! ఆ వీసా మీద ఇళ్ళల్లో ప్రైవేటు చెప్పడం నేరం. పట్టుబడితే జరిమానా, దేశంనుంచి పంపించెయ్యడం కూడాను.

తిండి సంగతి అడగకుండా ఉంటారా! మధ్యాహ్నం టీచర్లూ పిల్లలూ బడిలోనే తింటారు. గదుల స్టీలు పళ్ళెంలో అన్నం, చారులాంటి సూపు, రెండు మూడు కూరలు, కిమ్చి. కిమ్చి అంటే కాబేజీతో పెట్టే కారపు ఊరగాయ. చూడగానే ప్రాణం లేచొస్తుంది గాని, చాలా ఇళ్ళల్లో అందులో ఉప్పు రొయ్యలో, చేపల రసమో కలుపుతారు. మాంసం ముట్టని పిల్ల మొదటిరోజే ఆ మాట కొరియా భాషలో చెప్పడం నేర్చుకోవాలి. పెద్దవాళ్ళకి ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వడం, తల వంచి పలకరించడం, బడిలోపల చెప్పులు మార్చుకోవడం - ఇవి మన పిల్లలకి కొత్తేమీ కావు.

దిగిన 90 రోజుల్లోగా విదేశీయుల రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఒప్పందం కాగితం ప్రతి ఒకటి మీ దగ్గరా ఉంచుకోండి. ఫోను చేసేటప్పుడు గడియారం చూసుకోండి. అక్కడ మనకంటే మూడున్నర గంటలు ముందు. మీరు రాత్రి ఎనిమిదిన్నరకి వంటిల్లు సర్దుకుని తీరిగ్గా చేస్తే, అక్కడ అర్ధరాత్రి పన్నెండు!

సెలవు.