1923కీ 1933కీ మధ్య
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాంఘికశాస్త్రం పాఠంలో జర్మనీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది బండి నిండా నోట్లు వేసుకుని రొట్టె కొనడానికి వెళ్లే మనిషి. ఆ వెంటనే హిట్లర్. కానీ ఈ రెండింటికీ మధ్య పదేళ్లున్నాయి. ఆ పదేళ్ల గురించే నాలుగు మాటలు చెబుతాను.

1923 జనవరిలో, యుద్ధ నష్టపరిహారం సరిగా చెల్లించలేదంటూ ఫ్రాన్స్, బెల్జియం సేనలు రూర్ బొగ్గు గనుల ప్రాంతాన్ని ఆక్రమించాయి. నిరసనగా కార్మికులు పని మానేశారు. వారిని పోషించడానికి జర్మన్ ప్రభుత్వం నోట్లు అచ్చువేస్తూ పోయింది. నవంబరు నాటికి ఒక్క డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులు! మధ్యతరగతి వాళ్లు జీవితమంతా దాచుకున్న సొమ్ము చిత్తుకాగితమైంది. అయినా ప్రజాస్వామ్యం నిలబడింది. అదే నెలలో మ్యూనిక్‌లో హిట్లర్ చేసిన తిరుగుబాటు విఫలమైంది. కొత్త కరెన్సీ వచ్చింది, అమెరికా అప్పులిచ్చింది. 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతమే.

1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలడంతో ఆ అప్పులు ఆగిపోయాయి. 1930లో ఛాన్సలర్ అయిన బ్రూనింగ్ లోటు పూడ్చడానికి జీతాలు కోశారు, నిరుద్యోగ భృతి తగ్గించారు, పన్నులు పెంచారు. ఈసారి ధరలు పెరగలేదు, పడిపోయాయి. పనులూ పోయాయి. 1932 ఆరంభానికి నిరుద్యోగులు సుమారు 60 లక్షలు. నాజీల ఓట్లు 1930లో 18.3 శాతానికి, 1932 జులైలో 37.3 శాతానికి పెరిగాయి.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. అదే ఏడాది నవంబరు ఎన్నికల్లో ఆ ఓట్లు 33.1 శాతానికి తగ్గాయి. మెజారిటీ ఎన్నడూ రాలేదు. అయినా 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించారు. అతణ్ణి తమ చెప్పుచేతల్లో ఉంచుకోగలమని పాపెన్ వంటివారు నమ్మబలికారు. అప్పటికే మూడేళ్లుగా పార్లమెంటును పక్కనబెట్టి, అధ్యక్షుడి అత్యవసర ఉత్తర్వులతో పాలన సాగుతోంది. మార్చి 23న పార్లమెంటే తన శాసనాధికారాన్ని అతనికి ధారాదత్తం చేసింది. సోషల్ డెమోక్రాట్లు 94 మంది మాత్రం వ్యతిరేకంగా ఓటు వేశారు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ పాఠం చెప్పేటప్పుడు నోట్ల బండి బొమ్మ పక్కన ఆ నాలుగు ఓట్ల శాతాలనూ బోర్డు మీద రాయండి. కరువొస్తే నియంత రావడం విధిరాత అని పిల్లలు అనుకోకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏ నిర్ణయం తీసుకున్నారని వాళ్లు మిమ్మల్ని అడగాలి.