ధ్వని వికృతియు సంగీతమగు విధము

రేడియో కేంద్రమున పనిచేయు మాకు ధ్వని వికృతి జన్మశత్రువు. కంట్రోలు గదిలో మీటరు ముల్లు ఎర్రగీత దాటినచో మా గుండె గుభేలుమనును. గాయకుని గొంతు బొంగురుపోకుండ, వీణ తీగ చిటపటలాడకుండ కాపాడుట మా నిత్యకృత్యము. అట్టి మా యొద్దకు ఒక యువకుడు వచ్చి, "అయ్యా, నా గిటారు ఆంప్లిఫయరు మరీ శుభ్రముగా పలుకుచున్నది. రాక్ సంగీతమునకు తగినట్లు దీనిని గర్జింపజేయగలరా?" అని అడిగినాడు. మేము మొదట నవ్వితిమి. పిమ్మట ఆలోచింపగా, అతడు కోరినది యంత్రమును చెరచుట కాదనియు, వేరొక స్వరమును నిర్మించుటయనియు బోధపడినది.

అతని యంత్రము వాల్వులతో నడచునది. కర్మాగారపు సరకు గాక, ఒక పనివాడు తన చేతులతో అమర్చినది. ఇట్టివానిని బుటీక్ ఆంప్లిఫయర్లందురు. వీని నిర్మాతలలో అమెరికా దేశపు అలెగ్జాండర్ డంబుల్ ప్రసిద్ధుడు. తన అమరిక పరులకు తెలియకుండ భాగములపై జిగురు పోసి గట్టిపరచెడివాడు. ఆయన 2022లో దివంగతుడైనాడు.

ఈ గర్జనకు ఒక చరిత్ర కలదు. 1962లో లండను నగరమున జిమ్ మార్షల్ అను డ్రమ్ము వాద్యకారుడు తన దుకాణములో కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ అను వారి సహాయముతో ఒక ఆంప్లిఫయరు సిద్ధపరచెను. దానికి మాతృక అమెరికాలోని ఫెండర్ వారి బాస్‌మన్. ఆ మాతృకలో మొదటి వాల్వు 12ఏవై7. దాని వర్ధన గుణకము సుమారు 44. లండను వారు దాని స్థానమున ఈసీసీ83 పెట్టిరి. దాని గుణకము 100. ఇంత చిన్న మార్పు కూడ స్వరమునకు క్రొత్త కారము తెచ్చినది. తరువాత 1960ల చివర కాలిఫోర్నియాలో రాండాల్ స్మిత్ అను ఆయన ఫెండర్ వారి ప్రిన్స్‌టన్ అను చిన్న ఆంప్లిఫయరులో పెద్ద యంత్రపు అమరికను, 12 అంగుళముల స్పీకరును ఇమిడ్చెను. పిమ్మట ఒక అదనపు వర్ధన దశను కూడ చేర్చెను. మీసా బూగీ యంత్రములు అట్లు వెలసినవి.

దశయనగా నేమి? గిటారునుండి వచ్చు సంకేతము వోల్టులో పదియవ వంతనుకొందము. ఒక్కొక్క వాల్వు దశ దానిని ఇంచుమించు 50 రెట్లు పెంచగలదు. మొదటి దశ దాటునప్పటికి అది 5 వోల్టులు. రెండవ దశ దాటునప్పటికి 250 వోల్టులు కావలెను. అనగా తరంగము ఇరుప్రక్కల కలిసి 500 వోల్టులు ఊగవలెను. కాని ఆ వాల్వునకు అందు విద్యుత్తు 300 వోల్టులే. లేని వోల్టులు ఎక్కడనుండి వచ్చును? అందుచేత తరంగపు శిఖరములు కత్తితో కోసినట్లు చదునగును. ఆ కోతనుండి క్రొత్త అనుస్వరములు పుట్టును. మీటిన స్వరము చాలసేపు నిలుచును. రాక్ వాద్యకారుడు కోరునది ఇదియే.

యువకుని యంత్రమున రెండు ప్రవేశమార్గములుండెను. రెండవదానిని అతడు వాడుట లేదు. ఒకే గాజుబుడ్డిలో రెండు ట్రయోడులుండును గనుక, వృథాగా నున్న ట్రయోడును మొదటిదాని వెనుక గొలుసుగా చేర్చితిమి. క్రొత్త రంధ్రము తొలువ నక్కరలేకపోయినది. మందరస్వరములు వికృతి చెందినచో బురదవలె కలగాపులగమగును. అందుచే మొదటి కాథోడువద్ద 25 మైక్రోఫారడుల కెపాసిటరు తీసి 0.68 పెట్టితిమి. చివర మరియొక వాల్యూము మీట అమర్చితిమి. దానివలన లోపల గర్జన పూర్తిగా పుట్టినను, వెలుపలికి తగుమాత్రమే వచ్చును. ఇరుగుపొరుగు వారి నిద్ర చెడదు. మార్షల్ సంస్థ ఇట్టి మీటను 1975లో తన యంత్రములలో ప్రవేశపెట్టినది.

మొదటిసారి మీట నొక్కగా గర్జనకు బదులు కీచుమని కూత వినవచ్చినది. వర్ధనము పెరిగినపుడు కడపటి దశనుండి మొదటి దశకు ధ్వని దొంగదారిన చేరును. గ్రిడ్డు తీగెను దూరముగా జరిపి, కవచమున్న తీగె వేసిన పిదప గాని అది అణగలేదు.

ఇక ముఖ్యమైన మాట. మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక వాల్వు యంత్రమును విప్పితిమి. ప్లగ్గు తీసి అరగంట దాటినది గదాయని ధైర్యము. స్క్రూడ్రైవరు కెపాసిటరు కాళ్లకు తగిలినంతనే నిప్పురవ్వ ఎగసి, దాని మొన కరిగిపోయినది. అది మా వ్రేలైయున్నచో ఈ ప్రసంగము మీరు విందురో లేదో! వాల్వు యంత్రములలో 400, 500 వోల్టులు సామాన్యము; విద్యుత్తు ఆపినను అవి కెపాసిటర్లలో దాగియుండును. తగిన రెసిస్టరు ద్వారా వానిని ఖాళీచేసి, మీటరుతో శూన్యమని చూచిన పిదపనే చేయి పెట్టవలెను. స్పీకరు తగిలింపక యంత్రమును నడపరాదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చెడిపోవచ్చును.

మరియొక సంకోచము కూడ మమ్ము బాధించినది. ఒక పనివాడు తన చెవిని నమ్మి కూర్చిన స్వరమును మార్చు హక్కు మాకున్నదా? అందుచేత తీసిన ప్రతి భాగమును ఒక కవరులో నుంచి, ఏది ఎక్కడిదో కాగితముపై వ్రాసి, పెట్టెలోనే అంటించితిమి. రేపు అతని మనస్సు మారినచో గంటలో యథాస్థితికి రాగలదు.

యువకుడు తీగె మీటగా ఆ స్వరము గది నిండి, తగ్గక, చాలసేపు నిలిచినది. అలవాటుచొప్పున మా చేయి వాల్యూము తగ్గించుటకు సాగినది. దానిని వెనుకకు తీసికొంటిమి. మీ అటకపై తాతగారినాటి వాల్వు రేడియో ఉన్నచో, ఈ కథ విని మీరే విప్పబోకుడు; తెలిసిన పనివానిని పిలువుడు. సెలవు.