పిల్లను ఎవరు చూస్తారు?

(సబ్బవరం మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం నాయకురాలు మాట్లాడిన మాటలు)



జీవనోపాధుల మీద పది నిమిషాలు మాట్లాడమని నాకు చెప్పారు. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత అన్నది కార్యదర్శి గారు ఇప్పుడే చదివారు. నేను మళ్ళీ చదవను. మన పుస్తకాల్లో ఎక్కడా రాయని ఒక సంగతి చెప్తాను.

మీటింగుకి రాకపోతే గైర్హాజరు అని రాస్తాం. కిస్తీ కట్టకపోతే బకాయి అని రాస్తాం. ఎందుకు రాలేదు, ఎందుకు కట్టలేదు అని రాసే గడి మన పుస్తకంలో లేదు. మా గ్రామ సంఘంలో బకాయి పడ్డ ఇళ్ళకి నేనూ వీవోఏ కలిసి తిరిగినప్పుడు ఎక్కువ ఇళ్ళల్లో ఒకటే మాట విన్నాం. "పనుంది అప్పా, పిల్లని ఎవరు సూస్తారు?"

ముందు నా తప్పు చెప్పుకుంటాను. మా ఊళ్ళో ఎనిమిది మందిమి కలిసి పిండివంటల యూనిట్ పెట్టుకున్నాం. అరిసెలు, జంతికలు, సున్నుండలు చేస్తాం. మాలో ఒక చెల్లికి పాకం బాగా తెలుసు. అనకాపల్లి బెల్లం పొయ్యి మీద పెట్టి, గిన్నెలో నీళ్ళు పోసుకుని, అందులో చుక్క వేసి ఉండ చేసి చూసి, ఇక దించండి అంటుంది. ఆమె దించమన్నప్పుడు దించితే అరిసె మెత్తగా వస్తుంది. ఆమెకి ఏడాదిన్నర పాప. పాపని అత్త చూసేది. పోయిన సంక్రాంతికి ముందు ఆ అత్త బాత్రూములో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మర్నాడు ఈ పిల్ల చంటిదాన్ని చంకనేసుకుని పనికి వచ్చింది. రెండు పొయ్యిలు మండుతున్నాయి, మూకుడు నిండా నూనె కాగుతోంది. నాకు భయం వేసింది. "పాపని తీసుకొచ్చేటట్టయితే నువ్వు రావొద్దు" అన్నాను. ఏమీ అనలేదు, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నూనె దగ్గర చంటిపిల్ల ఉండకూడదన్నది నిజమే. కానీ మరి పాపని ఎక్కడ పెట్టాలి అని నేను ఆలోచించలేదు. ఆ ఏడు పాకం ముదిరిపోయింది. అరిసెలు రాళ్ళలా వచ్చాయి. ఒక కొట్టాయన మా సరుకు సగం వెనక్కి పంపేశాడు. ఆ చెల్లికి పది రోజుల కూలి పోయింది, మాకు ఆర్డర్ పోయింది, ఆ నెల ఇద్దరి కిస్తీలు ఆగిపోయాయి. కంపెనీలో సూపర్‌వైజర్ మనల్ని ఎలా పంపేస్తాడో ఆ రోజు నేనూ అలాగే పంపేశాను. ఆ రోజు యజమానిని నేనే.

ఇది మా ఎనిమిది మంది సంగతే కాదు. మన ఊళ్ళ ఆడవాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడికి వెళ్తున్నారో మీకు తెలుసు. పరవాడ ఫార్మాసిటీకి, అచ్యుతాపురం సెజ్‌లో బట్టల కంపెనీలకి, వైజాగ్‌లో ఇళ్ళ పనికి, హైవే పక్కన హోటళ్ళకి, ప్రైవేటు స్కూళ్ళలో ఆయాలుగా. ఉదయం షిఫ్టు వాళ్ళకి తెల్లారకుండానే బస్సు వచ్చేస్తుంది. మా ఊరి అంగన్‌వాడీ తొమ్మిదింటికి తెరుస్తారు. ఆ మధ్యలో నాలుగైదు గంటలు పిల్ల ఎవరి దగ్గర ఉండాలి?

అంగన్‌వాడీ టీచర్లని నేను తప్పు పట్టడం లేదు. ఐసీడీఎస్ 1975లో మొదలుపెట్టింది పౌష్టికాహారానికీ, ఆరోగ్యానికీ, మూడేళ్ళు నిండిన పిల్లలకి ఆటపాటల చదువుకీ. గర్భిణులు, బాలింతలు, టీకాలు, తూకాలు, రిజిస్టర్లు, ఇప్పుడు ఫోన్‌లో యాప్‌లు, అన్నీ వాళ్ళ మీదే ఉన్నాయి. ఏడాది పిల్లని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎత్తుకుని కూర్చోవడానికి ఆ కేంద్రాన్ని పెట్టలేదు. మన అవసరం అక్కడే ఉంది. మూడేళ్ళ లోపు పిల్లకి, కేంద్రం తెరవక ముందూ మూసేసిన తరవాతా పెద్ద పిల్లకి.

ఇప్పుడు ఎవరు చూస్తున్నారంటే, ఒకటి అత్తో అమ్మో. వాళ్ళు ఓపిక ఉన్నన్నాళ్ళు చూస్తారు, మంచం పట్టారంటే కోడలి పని కూడా ఆ రోజుతో ఆఖరు. రెండు, ఇంట్లో పెద్ద గుంట. ఎనిమిదో తరగతి చదివే పిల్ల వారంలో రెండు రోజులు బడి మానేసి తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది. నేను పదో తరగతి దాకా చదివానంటే మా అమ్మమ్మ మా ఇంట్లో ఉండబట్టే. అమ్మ కూలికి వెళ్తే తమ్ముణ్ణి ఆవిడ చూసేది. నేను పది పాసైన ఏడాదే ఆవిడ పోయింది. నేను ఇంటర్‌లో చేరలేదు. ఎవరూ వద్దనలేదు, తిట్టలేదు. తమ్ముణ్ణి చూడ్డానికి ఇంట్లో ఇంకెవరూ లేరు, అంతే.

పని ఇచ్చేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. బట్టల కంపెనీలో లైన్ అంటారు. ఒకామె కాలర్ కుడుతుంది, పక్కామె చెయ్యి కుడుతుంది, ఇంకొకామె కాజాలు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీ అయితే వెనకవాళ్ళ దగ్గర గుడ్డ పేరుకుపోతుంది, ముందువాళ్ళు ఖాళీగా కూర్చుంటారు. పని నేర్చినామె మానేస్తే కొత్త పిల్లకి చెయ్యి తిరగడానికి వారాలు పడుతుంది. మా సెంటర్‌లో టిఫిన్ హోటల్ నడిపే ఒకాయన నాతో అన్నాడు, "అమ్మా, జీతం పెంచినా ఆడాళ్ళు నిలవడం లేదు. ఈ ఏడాది ముగ్గురు మారిపోనారు" అని. ఆ ముగ్గురి పేర్లూ అడిగితే చెప్పాడు. ముగ్గురూ నాకు తెలిసినవాళ్ళే. ఇద్దరికి చంటిపిల్లలున్నారు. జీతం ఐదు వందలు పెంచితే పిల్లని చూసే మనిషి దొరకదు కదా. ఆ మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్తే అసలు పనిలోకే పెట్టుకోరేమోనని భయం. జ్వరం వచ్చిందనో, ఊరెళ్ళామనో అబద్ధం చెప్పి మానేస్తాం.

చట్టంలో ఏమీ లేదా అంటే ఉంది. ఫ్యాక్టరీల చట్టం 1948 నాటిది. 30 మంది కంటే ఎక్కువ ఆడవాళ్ళు పని చేసే ఫ్యాక్టరీలో ఆరేళ్ళ లోపు పిల్లల కోసం గది పెట్టాలని అందులో ఉండేది. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, 50 మందీ అంతకు మించీ పని చేసే చోట పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగు సార్లు వెళ్ళి పిల్లని చూసుకోవచ్చనీ రాశారు. 2005 ఉపాధి హామీ చట్టంలో కూడా, పని దగ్గరికి చిన్న పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువో వస్తే వాళ్ళని చూడ్డానికి ఒకామెని పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలని రాశారు. నాకు ఆ చివరిది బాగా నచ్చింది. పిల్లల్ని చూడడం కూడా పనే, దానికీ కూలి ఉంది అని చట్టమే ఒప్పుకుంది.

అయితే మనలో ఎక్కువ మంది చేసేది ఇళ్ళలో, కొట్లలో, హోటళ్ళలో, మా పిండివంటల యూనిట్ లాంటి చోట్ల. అక్కడ ముప్పై మందీ ఉండరు, యాభై మందీ ఉండరు. కంపెనీలో గది ఉన్నా, చీకట్లో చంటిపిల్లని బస్సులో గంటసేపు తీసుకెళ్ళడానికి తల్లులకి మనసొప్పదు. అందుకని ఆ ఏర్పాటు ఊళ్ళోనే ఉండాలని నేను అంటున్నాను.

మా గ్రామ సంఘంలో కూర్చుని లెక్క వేశాం. పన్నెండు మంది పిల్లలు. చూడ్డానికి మన సంఘాల నుంచే ఇద్దరు. ఒకామె తెల్లవారుజామునే వచ్చి మధ్యాహ్నం మూడింటికి వెళ్తుంది, రెండో ఆమె ఎనిమిదింటికి వచ్చి సాయంత్రం దాకా ఉంటుంది. మూడేళ్ళు దాటిన పిల్లలు తొమ్మిదింటికి అంగన్‌వాడీకి వెళ్ళి మళ్ళీ ఇక్కడికే వస్తారు. మనిషికి 9,000 చొప్పున జీతాలు 18,000. పాలు, అన్నం, గుడ్డు, గ్యాస్, సబ్బులు 7,000. గది గ్రామ సంఘానిదే. మొత్తం నెలకి 25,000. ఇరవై ఆరు రోజులకి లెక్కేస్తే ఒక పిల్లకి రోజుకి 80 రూపాయలు. తల్లి నెలకి వెయ్యి ఇవ్వగలదు, అది 12,000. మా యూనిట్ లాభంలోంచి 3,000 ఇస్తామని మేం ఎనిమిది మందిమి ఒప్పుకున్నాం. ఇంకా 10,000 తక్కువ పడుతోంది. ఆ పది వేలు తల్లుల మీద వేస్తే మళ్ళీ ఇంట్లోనే కూర్చుంటారు. చూసేవాళ్ళ జీతంలో కోస్తే వాళ్ళూ మన అక్కచెల్లెళ్ళే.

ఈ మాట మీటింగులో పెడితే ఒక పెద్దమ్మ లేచింది. "మా కాలంలో ఎవులు సూసినారే? సెట్టుకి సీర ఉయ్యాల కట్టి ఊడుపులు ఊడ్సినాం" అంది. నిజమే పెద్దమ్మా. అప్పుడు పొలం గట్టు మీద చెట్టుంది, చెట్టు కింద ముసలమ్మ ఉంది, పిల్ల ఏడిస్తే తల్లికి వినబడేది. ఫార్మా కంపెనీ లోపల ఉయ్యాల ఎక్కడ కడతాం?

ఇంకొకామె అడిగింది, పిల్లకి ఏదైనా అయితే ఎవరిది పూచీ అని. అది అడగాల్సిన మాటే. అందుకే ముందే రాసుకున్నాం. గదికి గేటు ఉండాలి, నీళ్ళ తొట్టికి మూత ఉండాలి, వంట వేరే గదిలో. తల్లి పేరు రాసిచ్చిన మనిషికి తప్ప పిల్లని ఎవరికీ అప్పజెప్పకూడదు. తల్లికి చెప్పకుండా మందు వెయ్యకూడదు. జ్వరం ఉన్న పిల్లని ఆ రోజుకి తీసుకోకూడదు. ఇన్ని రాసుకున్నా భయం పూర్తిగా పోదు. కానీ ఎనిమిదేళ్ళ అక్క చేతిలో వదిలేసి వెళ్ళేటప్పుడు ఆ భయం ఇంకా ఎక్కువ.

కాబట్టి ఈ సభని మూడు కోరుతున్నాను. ఒకటి, వచ్చే నెల ప్రతి గ్రామ సంఘం మీటింగులో ఆరేళ్ళ లోపు పిల్లలున్న సభ్యుల పేర్లు, వాళ్ళు పనికి వెళ్ళే వేళ, పిల్లని చూసే మనిషి, ఈ మూడూ రాయాలి. రెండు, కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి క్రెష్ పథకాన్ని పాల్నా పేరుతో నడుపుతోంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లల్ని అంగన్‌వాడీలోనే చూసే వీలు అందులో ఉంది. ఆ పేర్ల పట్టిక పట్టుకుని మన మండలానికి అది అడగాలి. మూడు, మన ఆడవాళ్ళని పనిలో పెట్టుకున్న యజమానుల దగ్గరికి సమాఖ్య తరఫున పదిమందిమి కలిసి వెళ్ళాలి. ఒక్కామె అడిగితే పని పోతుంది, సమాఖ్య అడిగితే కూర్చోబెట్టి మాట్లాడతారు. రోజుకి 80 రూపాయల్లో మీ వంతు ఎంత అని అడుగుదాం. కుర్చీ ఖాళీ అయితే వాళ్ళకి ఎంత పోతుందో వాళ్ళకే బాగా తెలుసు.

పాకం పట్టే మా చెల్లి ఇక్కడే, మూడో వరసలో, పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు నేను అన్న మాటకి నీకు ఇంతవరకూ సారీ చెప్పలేదు. అందరి ముందూ చెప్తున్నాను. వచ్చే సంక్రాంతికి నిన్ను పనికి పిలవాలంటే, ముందు నీ పాపకి చోటు చూపించి అప్పుడు పిలవాలి. ఆ చోటు కోసం ఈ తీర్మానం పెడుతున్నాను. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి.